పెళ్లి పత్రం లేని జంటకు కావలసిన కాగితాలు

పదేళ్లు ఒకే కప్పు కింద ఉన్నా, ఇంటి వాయిదాలు చెరిసగం కట్టుకున్నా, స్వలింగ జంటలో ఒకరు కన్నుమూస్తే చట్టం దృష్టిలో రెండో మనిషి పరాయి మనిషే. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని చెప్పింది. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో మాత్రం పెళ్లి ప్రాథమిక హక్కు కాదని, ఆ సంగతి చట్టసభలు తేల్చుకోవాలని చెప్పింది. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేసింది. కాబట్టి నల్లగొండలో ఉన్నా పాలమూరులో ఉన్నా, పెళ్లితో ఊరికే వచ్చే హక్కుల్ని ఒక్కొక్క కాగితంగా కూడబెట్టుకోవాలి. ఆ తీర్పులోనే ఒక దారి ఉంది. జంటలో ఒకరు ట్రాన్స్‌జెండర్ అయి, ఇద్దరిదీ స్త్రీ పురుష బంధమైతే ఇప్పుడున్న పెళ్లి చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చు. ఆ వీలున్నవాళ్లు ముందు అది చూసుకోండి. సగం చాకిరీ తప్పుతుంది.

నోటరీ దగ్గర వంద రూపాయల బాండు పేపరు మీద రాయించుకున్నది పెళ్లి కాదు. గుళ్లో దండలు మార్చుకున్నదీ కాదు. డబ్బు తీసుకుని పెళ్లి సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు. ఎప్పటినుంచి ఒకే ఇంట్లో ఉంటున్నారో, ఖర్చు ఎవరెంత పెడుతున్నారో, విడిపోతే ఏ వస్తువు ఎవరిదో రాసుకున్న ఒప్పందం రేపు తగాదా వస్తే సాక్ష్యంగా అక్కరకొస్తుంది. దాని బలం అంతవరకే.

ఏమీ రాయకపోతే ఎవరికి పోతుంది

హిందూ వారసత్వ చట్టం ప్రకారం పెళ్లికాని మగవాడి ఆస్తి మొత్తం తల్లికి, తల్లి లేకపోతే తండ్రికి, ఆయనా లేకపోతే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు పోతుంది. పెళ్లికాని ఆడమనిషి ఆస్తి తల్లిదండ్రులకు, ఆ తర్వాత తండ్రి వారసులకు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఇంట్లోవాళ్లు బలవంతంగా పెళ్లి చేస్తే కొన్నాళ్లకు బయటికి వచ్చేసి, విడాకులు మాత్రం తీసుకోని ఆడవాళ్లు మన జిల్లాల్లో తక్కువేం కాదు. పిల్లలు లేకపోతే వాళ్లు సొంతంగా సంపాదించుకున్న ఆస్తికి మొదటి వారసుడు ఆ భర్తే. అతను లేకపోతే అతని తరఫువాళ్లు. కన్న తల్లిదండ్రుల వంతు వాళ్ల తర్వాతే. మగవాళ్లకైనా ఇంతే, విడిచిపెట్టిన భార్య తల్లితో సమానంగా వాటా తీసుకుంటుంది. అందుకే మొదటి పని వీలునామా కాదు, తేలని పెళ్లి ఉంటే కోర్టులో తేల్చుకోవడం.

ఆస్తి లెక్క

ఒక కాగితం తీసుకుని మీ పేరు మీద నిజంగా ఉన్నవే రాయండి. నాన్న పేరు మీద ఉన్న రెండెకరాలు మీవి కావు, పంచుకుని మీ పేరు మీద పాసుబుక్ వచ్చేదాకా. పిత్రార్జితంలో మీ వాటా వరకే వీలునామా రాయగలరు. సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్ల కాగితం మీద కొని ఇంకా క్రమబద్ధీకరణ కాని భూమిని వీలునామాలో రాసినా భాగస్వామికి దక్కేది తగాదానే. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడానికి, గిఫ్టు ఇవ్వడానికి కుదరదు. అమ్రాబాద్ వైపు షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూబదిలీ మీద నిషేధం ఉంది. ఇలాంటివి ఉంటే లాయరును కలవకుండా ఒక్క వాక్యం కూడా రాయొద్దు.

వీలునామా

మొత్తం పనిలో ఇదే గుండెకాయ. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. స్టాంపు డ్యూటీ లేదు. రాసిన మనిషి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఆ ఇద్దరూ మీరు సంతకం పెట్టడం చూసినవాళ్లో, పెట్టానని మీ నోట విన్నవాళ్లో అయి, మీ ఎదుటే సంతకం చెయ్యాలి. హిందువులకు తెలంగాణలో ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. ముస్లింలు వారసుల ఒప్పుదల లేకుండా ఆస్తిలో మూడోవంతుకు మించి బయటివాళ్లకు రాయలేరు. వాళ్లు బతికుండగానే గిఫ్టు ఇచ్చే దారి చూసుకోవాలి. క్రైస్తవులు వీలునామా రాశాక పెళ్లి చేసుకుంటే అది రద్దయిపోతుంది. హిందువులకు అలా కాదు.

ఇక ఎక్కడ దెబ్బతింటుందో చూద్దాం. కన్నవాళ్లను, తోబుట్టువులను వదిలి బయటి మనిషికి రాసిన వీలునామాను కోర్టులు అనుమానంతోనే చూస్తాయి. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ నడుస్తోంది. అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించాల్సిన భారం వీలునామా చూపించిన మనిషిదే. అంటే మీ భాగస్వామిదే. ఆ భారాన్ని మీరు బతికుండగానే తేలిక చేసి పెట్టాలి.

ఇంట్లోవాళ్లకు ఎందుకు ఇవ్వడం లేదో రెండు వాక్యాల్లో, తిట్లు లేకుండా రాయండి. "మా తమ్ముడికి దేవరకొండ ఇల్లు ఇదివరకే ముట్టింది, అమ్మకు నెలనెలా పంపుతున్నాను, నా బాగోగులు ఇన్నేళ్లుగా చూస్తున్నది ఫలానా" అంటే సరిపోతుంది. బంధం ఏమిటో విడమర్చి చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. నాతో కలిసి నివసిస్తున్న అని రాసి పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా ఇస్తే ఆ మనిషెవరో తేలిపోతుంది. తల్లికి కొంతైనా రాయడం మంచిది. పూర్తిగా ఎగ్గొట్టిన వీలునామా కన్నా కొంత ఇచ్చినది కోర్టులో గట్టిగా నిలుస్తుంది. వయసు మళ్లిన తల్లిదండ్రుల పోషణ ఎలాగూ మీ బాధ్యతే.

రాయించేటప్పుడు భాగస్వామి పక్కన ఉండకూడదు. ముసాయిదా ఆయన ఫోన్లో ఉండటం, డాక్యుమెంట్ రైటరుకు డబ్బు ఆయన ఖాతా నుంచి పోవడం, రిజిస్ట్రేషన్ నాడు ఆయనే బండి మీద తీసుకెళ్లడం, ఇవన్నీ తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రశ్నలవుతాయి. భాగస్వామి గానీ, ఆ తరఫువాళ్లు గానీ సాక్షులుగా ఉండొద్దు. సాక్షులు మీకన్నా చిన్నవాళ్లయి, స్థిరంగా ఒకచోట ఉండేవాళ్లయి ఉండాలి, ఎందుకంటే వాళ్లలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి. ముంబైకి వలసపోయే మనిషినో, డెబ్బై దాటిన పెద్దాయననో పెట్టుకుంటే ఆ రోజుకు దొరకకపోవచ్చు. వయసు పైబడినవాళ్లు, మందులు వాడేవాళ్లు అదే రోజు తేదీతో డాక్టరు దగ్గర మతిస్థిమితం బాగుందని ఒక సర్టిఫికెట్ తీసుకోండి. ప్రతి పేజీ కింద సంతకం పెట్టండి. కొట్టివేతలు ఉంటే అక్కడ మీతోపాటు సాక్షులూ సంతకం చెయ్యాలి. ఇద్దరూ కలిపి ఒకే వీలునామా రాసుకోవద్దు. ఎవరిది వాళ్లు విడిగా రాసుకోండి, ఒకరు మార్చుకోవాలన్నా రెండోదానికి చిక్కు ఉండదు.

భూమి వివరంలో సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో, నాలుగు దిక్కుల హద్దులు, పాసుబుక్ నంబరు, ఇంటికైతే ఇంటి నంబరు, దస్తావేజు నంబరు, సంవత్సరం ఉండాలి. చివర "ఇక్కడ పేర్కొనని నా మిగతా ఆస్తి, రేపు సంపాదించేది కూడా" అని ఒక వాక్యం తప్పనిసరి. భాగస్వామి మీకన్నా ముందు పోతే ఎవరికి చెందాలో కూడా రాయండి. అమలు చేసే మనిషిగా మీ ఇంటివాళ్లతో మాట్లాడగల నెమ్మదస్తుడిని పెట్టండి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీ పరిస్థితిలో మానొద్దు. ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనైనా చేయించొచ్చు. మిర్యాలగూడలో అయితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుందనుకుంటే హైదరాబాద్ పోండి. వీలునామాలు 3వ నంబరు పుస్తకంలో ఎక్కుతాయి. మీరు బతికుండగా దాని నకలు మీకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. అదీ వద్దనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర భద్రపరచే ఏర్పాటు ఉంది. మంచం పట్టినవాళ్ల కోసం అధికారి ఇంటికే వస్తారు, అయితే అలాంటి వీలునామా మీదే ఎక్కువ గొడవ అవుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసెయ్యండి.

బతికుండగా ఇచ్చుకునేవి

గిఫ్టు డీడులో రెండు నష్టాలున్నాయి. బంధువులకిచ్చే గిఫ్టుకు ఉన్న తక్కువ స్టాంపు డ్యూటీ మీకు వర్తించదు. పైగా ఆదాయపు పన్ను చట్టంలో భాగస్వామి బంధువు కాదు కాబట్టి, ఏడాదిలో ముట్టిన డబ్బు 50,000 రూపాయలు దాటితే మొత్తం పుచ్చుకున్నవాళ్ల ఆదాయంలో కలుస్తుంది. ఇల్లయినా ప్లాటయినా అంతే. వీలునామా ద్వారా వచ్చినదానికి ఈ పన్ను లేదు. చాలామందికి వీలునామాయే లాభం అనేది అందుకే.

మీ డబ్బుతో ప్లాటు కొని భాగస్వామి ఒక్కరి పేరున పెట్టొద్దు. బినామీ చట్టంలో భార్యాభర్తలకు, పిల్లలకు ఉన్న మినహాయింపు మీకు లేదు, ఆస్తి జప్తు దాకా పోవచ్చు. జడ్చర్ల దగ్గర ఇద్దరూ కలిసి ప్లాటు కొంటున్నారనుకుందాం. సేల్ డీడులో ఇద్దరి పేర్లూ వేసి, ఎవరి డబ్బు ఎంతో, ఎవరి వాటా ఎంతో రాయించి, చెల్లింపులు ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వాళ్లే చెయ్యండి. ఒకరు పోతే వాళ్ల సగం రెండోవాళ్లకు దానంతటదే రాదు. దానికి మళ్లీ వీలునామా కావాలి.

జీపీఏ, అంటే మీ తరఫున ఆస్తి పనులు చూసే అధికార పత్రం, ఉంటే చాలనుకునేవాళ్లు ఉన్నారు. ఇచ్చిన మనిషి పోయిన క్షణమే అది చెల్లకుండా పోతుంది.

నామినీ అంటే యజమాని కాదు

2024 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేశాయి: స్వలింగ జంటలు ఉమ్మడి ఖాతా తెరవడానికి, భాగస్వామిని నామినీగా పెట్టడానికి ఏ ఆంక్షా లేదు. బ్రాంచిలో తల అడ్డంగా ఊపితే ఆ ప్రకటన ముద్రించుకుని ముందు పెట్టండి. ఉమ్మడి ఖాతాకు "ఎవరైనా ఒకరు లేదా బతికున్నవారు" పద్ధతి ఎంచుకోండి. 2025 నవంబరు 1 నుంచి ఖాతాకు నలుగురు దాకా నామినీలను పెట్టొచ్చు. కానీ నామినీ డబ్బు అందుకునే ధర్మకర్త మాత్రమే. వారసులు దావా వేస్తే ఇవ్వాల్సిందే. వీలునామాలోనూ అదే పేరు ఉంటే అప్పుడు డబ్బు నిజంగా ఆయనది. షేర్లకూ ఇదే సూత్రమని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తేల్చింది.

పీఎఫ్ దారి వేరు. కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యులనే నామినీగా పెట్టాలి. మీ మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు కుటుంబంలోకి వస్తారు, భాగస్వామి రారు. కుటుంబం ఎవరూ లేకపోతేనే బయటి మనిషిని పెట్టొచ్చు. గ్రాట్యుటీ కూడా దాదాపు ఇలాగే. జీవిత బీమాలో తల్లిదండ్రులు, పెళ్లాడిన భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే, మిగతావాళ్లైతే తీసుకుని అప్పజెప్పేవాళ్లు మాత్రమే. కాబట్టి పాలసీ నంబరు వీలునామాలో ఎక్కించండి. రైతు బీమా 5 లక్షలకు నామినీగా ఎవరి పేరుందో వ్యవసాయ విస్తరణాధికారి దగ్గర ఒకసారి చూసుకోండి, ఎన్నడో అమ్మ పేరో అన్న పేరో రాసి మరిచిపోయి ఉంటారు.

ఆసుపత్రి

ఐసీయూ తలుపు దగ్గర "మీరేమవుతారు" అన్న ప్రశ్నకు జవాబు కాగితమే చెప్పాలి. కోలుకునే ఆశ లేని స్థితిలో చికిత్స గురించి ముందస్తు వైద్య నిర్దేశం రాయండి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు సడలించిన పద్ధతిలో ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం చాలు. మీ తరఫున నిర్ణయించే మనిషిగా భాగస్వామి పేరు పెట్టి, ఒక నకలు మీ డాక్టరుకు ఇవ్వండి. మానసిక చికిత్సకైతే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా సులువు చేసింది. తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఏ మేజరునైనా నామినేటెడ్ ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. మామూలు ఆపరేషన్లకు ఇంత గట్టి చట్టం లేదు. అత్యవసర సంప్రదింపు మనిషిగా ఆ పేరు, ఫోను నంబరు కేస్ షీటులో చేరే రోజే రాయించాలి, స్పృహ పోయాక కాదు. దగ్గరి బంధువులు అందుబాటులో లేకపోతే భౌతికకాయాన్ని భాగస్వామికి అప్పగించవచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2024 ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ రాసింది.

పిల్లల విషయం ముక్తసరిగా: జంటగా దత్తత లేదు, ఒక్కరి పేరు మీదే, ఒంటరి మగవాడికి ఆడపిల్లను ఇవ్వరు. హిందువులైతే ఆ ఒక్కరు తన వీలునామాలో భాగస్వామిని సంరక్షకులుగా తప్పక రాయాలి.

పోయిన తర్వాత

మరణ ధ్రువపత్రం నకళ్లు ఒక పది తీసుకోండి. మీసేవలో వచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్లో మీ పేరు ఉండదు, దాని కోసం తిరగొద్దు. మీ బలం వీలునామా. వ్యవసాయ భూమికి 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో దరఖాస్తు పెడితే తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారిస్తారు. విరాసత్, అంటే వారసుల పేరున భూమి రికార్డు మార్పు, తమ పేరున చేయించుకోవడానికి ఇంటివాళ్లు ముందే పోతారు, కాబట్టి దినాలు కాకముందే వీలునామా నకలుతో అభ్యంతరం ఇచ్చి రసీదు తీసుకోండి. ఆర్డరు వ్యతిరేకంగా వస్తే ఆర్డీవోకు అప్పీలు. ఇంట్లోంచి వెళ్లగొడతారన్న భయం ఉంటే సివిల్ కోర్టులో కేవియట్ వెయ్యండి. మీకు చెప్పకుండా ఇంజంక్షన్ ఇవ్వకుండా అది 90 రోజులు కాపాడుతుంది, గడువు తీరితే మళ్లీ వెయ్యాలి. లాయరు ఖర్చు భరించలేనివాళ్లకు, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100.

అసలు వీలునామాను ఇద్దరూ ఉండే ఇంట్లో బీరువాలో పెట్టొద్దు. మొదట తాళం పడేది ఆ ఇంటికే.