కర్బనం వెంట నడుద్దాం – 3వ పాఠం: గింజలోంచి ఊపిరిలోకి

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. 100 గ్రాముల బియ్యంలో ఉన్న పిండిపదార్థం తయారు చేయడానికి వరి మొక్కకి ఎంత గాలి కావాలి? చేసినవాళ్లు సరిచూసుకోండి.

అంత బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. పిండిపదార్థం అంటే గ్లూకోజ్ లంకెల గొలుసు. అందులో ఒక్కో లంకె బరువు 162 అయితే, అందులో కర్బనం వాటా 72. అంటే 34.7 గ్రాముల కర్బనం. కార్బన్ డయాక్సైడ్ బరువు 44లో కర్బనం 12 కాబట్టి, 44తో గుణించి 12తో భాగిస్తే 127 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకి 420 పాళ్లే కాబట్టి, ఒక ఘనపు మీటరు గాలిలో దొరికేది ముప్పావు గ్రాము. లెక్క తేలిందిగా: పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులుండే గదులు ఆరింటిలో పట్టే గాలి! ఈ లెక్క మొదటిసారి వేసినరోజు కంచం ముందు కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఇక ఈ వారం సంగతి. ఆ అన్నం తిన్నాక కర్బనం ఎటు పోతుంది?

అన్నం అరిగి గ్లూకోజ్ అవుతుంది. అందులో ఆరు కర్బనాలు. కణంలో అది ముందు రెండు ముక్కలవుతుంది, ముక్కకి మూడు కర్బనాలు. ఇక్కడిదాకా ఒక్క కర్బనం కూడా బయటికి పోలేదు, ఇది గుర్తుపెట్టుకోండి. ముక్క మైటోకాండ్రియాలోకి, అంటే కణంలో శక్తి తయారయ్యే భాగంలోకి, వెళ్లాకే మొదటి కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది. మిగతా రెండూ అక్కడే క్రెబ్స్ వలయం అనే చర్యల చక్రంలో అలాగే పోతాయి. మనం పీల్చిన ఆక్సిజనే కర్బనంతో కలిసి తిరిగొస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, ఆ ఆక్సిజన్ నీరుగా మారుతుంది.

మొక్కలోనూ ఇదే పని, అంటే శ్వాసక్రియ, జరుగుతుంది, పగలూ రాత్రీ ఆగకుండా. పగలు ఆకు వదిలే కార్బన్ డయాక్సైడ్ కంటే తీసుకునేది ఎక్కువ కాబట్టి మనకి తెలియదు. "మొక్క పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తుంది" అని నోట్సులో రాసుకున్నవాళ్లు దయచేసి ఇప్పుడే కొట్టేయండి. ఈ ఒక్క తప్పు మిగిలితే రాబోయే పాఠాలన్నీ తలకిందులవుతాయి.

కళ్లతో చూద్దాం. కార్బన్ డయాక్సైడ్ తగిలితే సున్నపు తేట మీద తెల్లటి పొర కడుతుంది. కిళ్లీ సున్నం చిటికెడు గ్లాసు నీళ్లలో కలిపి కదపకుండా ఉంచి, పైన తేరిన తేటని మెల్లగా వంపుకోండి. కంట్లో పడకుండా జాగ్రత్త. గట్టి మూతలున్న రెండు సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో మొలకెత్తిన పెసలు గుప్పెడు, రెండోదాంట్లో ఉడికించి చల్లార్చిన పెసలు గుప్పెడు. రెండింటిలోనూ చిన్న మూతలో సున్నపు తేట పెట్టి, బిగించి, రాత్రంతా వదిలేయండి. పొద్దున మొలకల సీసాలో తేట మీద తెల్లటి పొర మీగడలా తేలుతుంది. ఉడికినవాటి దగ్గర పొర ఉన్నా చాలా పలుచగా ఉంటుంది. అది సీసా గాలిలో ముందే ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల. మూత వదులైతే మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి, మళ్లీ చేయండి.

వచ్చే వారానికి పని: ఎండు పెసలు 100 గింజలు తూచండి. వాటిని తడిపి, చీకట్లో నాలుగు రోజులు మొలకెత్తించి, కరకరలాడేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. బరువు పెరుగుతుందా, తగ్గుతుందా? త్రాసు మీద పెట్టేముందే మీ అంచనా, కారణంతో సహా రాసిపెట్టుకోండి.