పెరట్లో పూలున్నా సీతాకోకచిలుకలు, తూనీగలు రాకపోతే: సమస్యలు, పరిష్కారాలు

తోటలో సీతాకోకచిలుకలు కనిపించకపోతే మనం ముందుగా పూలను అనుమానిస్తాం. చాలాసార్లు లోపం మరోచోట ఉంటుంది: రెక్కలు రాకముందు ఆ పురుగు పెరగడానికి కావలసిన ఆకు గానీ, నీరు గానీ అక్కడ ఉండదు, లేదా శుభ్రత పేరుతో మనమే దాన్ని తీసేసి ఉంటాం.

సమస్య: కుండీల నిండా పూలున్నాయి, సీతాకోకచిలుకలు రావడం లేదు

నర్సరీల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ముద్ద రకాలను రేకల అందం కోసమే పెంచుతారు. ముద్దమందారంలో కేసరాలు చాలావరకు రేకలుగా మారిపోతాయి; ముద్దబంతిలో దట్టమైన రేకలను దాటుకుని తేనెను అందుకోవడం కష్టం. అంతకన్నా పెద్ద కారణం గుడ్లు పెట్టడానికి తగిన మొక్క లేకపోవడం. నల్లని అంచు, తెల్లని చుక్కలున్న నారింజ రంగు సీతాకోకచిలుక జిల్లేడు ఆకుల మీద గుడ్లు పెడుతుంది, లేత పసుపు, ఆకుపచ్చ రెక్కలవి తంగేడు, రేల వంటి చెట్లను వెతుక్కుంటాయి.

ప్రహరీ వారగా మొలిచిన జిల్లేడునూ తంగేడునూ ఒక్కొక్కటైనా ఉంచండి. జిల్లేడు పాలు కళ్లలో పడకుండా పిల్లలను మాత్రం హెచ్చరించాలి. గడ్డి చామంతిని కలుపు అని పీకేయకండి. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్కే అయినా, చిన్న సీతాకోకచిలుకలకూ తేనెటీగలకూ అది పెట్టే తిండి ఖరీదైన ముద్దబంతి పెట్టలేదు.

సమస్య: కరివేపాకు, నిమ్మ మొక్కల చిగుళ్లు మాయమవుతున్నాయి

ముందు ఆకును దగ్గరగా చూడండి. ఆకుపై మెలికలు తిరిగిన వెండిరంగు గీతలుంటే అది ఆకును తొలిచే పురుగు పని. ఆకు అంచు నుంచి కొరికేసినట్టుండి, మీద పిట్ట రెట్టను పోలిన మచ్చల పురుగు కదలకుండా ఉంటే అది నిమ్మజాతి సీతాకోకచిలుక పిల్ల. చివరి దశలో అదే పచ్చగా, లావుగా మారుతుంది. వేలితో తాకితే తల వెనుక నుంచి రెండు పాయల ఎర్రని కొమ్ము బయటికి వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. అది కుట్టదు, దురద పెట్టదు.

మొక్క మోకాలెత్తు దాటకపోతే పురుగులను ఆకుతో సహా తుంచి, ఎదిగిన కరివేప చెట్టు మీదకు మార్చండి. పెద్ద చెట్టు మీద ఉంటే వదిలేయండి, అది మళ్లీ చిగురిస్తుంది. పురుగుమందు కొట్టాలనిపించినప్పుడు ఆ ఆకే మన చారులోకి వస్తుందన్న సంగతి గుర్తుంచుకుంటే చాలు.

సమస్య: తామర తొట్టిలో దోమలు పెరిగాయి, తూనీగలు లేవు

ఇక్కడ రెండు పురుగుల కాలవ్యవధిని పోల్చి చూడాలి. మన వేడిలో దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం, పది రోజులు చాలు. వేగంగా ఎదిగే తూనీగ పిల్లకు కూడా నెలకు పైగా పడుతుంది. తొట్టిని తరచూ ఖాళీ చేసి కడిగితే దోమ పిల్లలతోపాటు, కింది పెదవిని ముందుకు విసిరి వాటిని పట్టి తినే తూనీగ పిల్లలు కూడా పోతాయి. తర్వాత ఒక్కసారి కడగడం ఆలస్యమైనా దోమలే ముందుగా పుంజుకుంటాయి. నున్నని సిమెంటు గోడల మధ్య తూనీగ పిల్ల నీటి పైకి ఎక్కి పొర విడవడానికి పట్టు దొరకదు. ఇక దోమల కోసం వదిలే గంబూసియా చేపలు తూనీగ పిల్లలనూ కప్ప పిల్లలనూ కూడా తినేస్తాయి.

తొట్టిలో ఒక మూల రాళ్లు పేర్చి, నీటిపైకి నిలిచే తుంగనో జమ్మునో నాటండి. నీటిని పూర్తిగా మార్చకుండా, తగ్గినంత మేరకు పోయండి. దోమ పిల్లలు మరీ ఎక్కువగా ఉంటే బీటీఐ అనే బాక్టీరియా మందును చీటీపై ఉన్న మోతాదులో వాడవచ్చు. అది దోమ పిల్లలను చంపుతుంది, తూనీగ పిల్లలను వదిలేస్తుంది. తుంగ కాడకు వీపు చీలిన ఖాళీ పొర అంటుకుని కనిపిస్తే తొట్టి దారిలో పడ్డట్టే. అయితే కూలర్లు, కొబ్బరి చిప్పలు, కుండీల కింది పళ్లాల విషయంలో వారానికొకసారి నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే ‘డ్రై డే’ పాటించి తీరాలి. డెంగీ దోమకు అవే ఇష్టమైన చోట్లు, అక్కడికి తూనీగలు వచ్చి కాపాడవు.

సమస్య: బీర, పొట్ల పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయి

రాలిన పిందెను కోసి చూడండి. లోపల పురుగులుంటే అది పండు ఈగ పని. రాలినవాటిని ఏరి లోతుగా పాతిపెట్టి, మగ ఈగలను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కట్టాలి. లోపల శుభ్రంగా ఉంటే పరాగసంపర్కం జరగకపోయి ఉండవచ్చు. బీర, పొట్ల, ఆనప పూలు సాయంత్రం వేళ విచ్చుకుంటాయి కాబట్టి వాటికి రాత్రిపూట ఎగిరే చిమటల సాయం ఎక్కువ. పందిరి పక్కన రాత్రంతా వెలిగే దీపం వాటి దారి మళ్లిస్తుంది. దీపం ఆర్పండి, సాయంత్రపు పిచికారీ మానండి, అవసరమైతే చీకటి పడే వేళ మగపువ్వును తెచ్చి పిందె ఉన్న పువ్వుకు తాకించండి.

సమస్య: ఖాళీ జాగాలో తుమ్మి, గునుగు పోయి వయ్యారిభామ మిగిలింది

వాన పడి నేల మెత్తబడినప్పుడు, పూత రాకముందే, వయ్యారిభామను చేతి తొడుగులతో వేరుతో సహా పీకాలి. దాని ఆకులు తింటూ నల్లని మెలికల చారలున్న చిన్న పెంకు పురుగులు కనిపిస్తే వాటిని చంపవద్దు. ఈ కలుపును అదుపు చేయడానికే మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులో వదిలిన పురుగులవి.