కంటికి కనిపించని వెలుగుతో పని: హెడ్ ట్రాకర్ చేసుకునే ముందు

ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేటప్పుడు తల కొంచెం తిప్పితే కాక్‌పిట్‌లో చూపు కూడా తిరగాలని చాలామందికి ఆశ. ఆ పని చేసేదే హెడ్ ట్రాకర్. దానికి కావాల్సిన సామాను తక్కువే. క్యాప్‌కి మూడు ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, ఎదురుగా ఒక పాత వెబ్‌క్యామ్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఓపెన్‌ట్రాక్ అనే ప్రోగ్రామ్ ఉంటే చాలు. ఎల్‌ఈడీల మూడు చుక్కలు కెమెరాకి ఎటు కదిలినట్టు కనిపిస్తే, తల అటు తిరిగిందని ఆ ప్రోగ్రామ్ లెక్కేస్తుంది. పోయిన వేసవి సెలవుల్లో మా తమ్ముడికి ఒకటి చేసిపెట్టాను. మీరూ మొదలుపెట్టేలా ఉంటే, సోల్డరింగ్ ఐరన్ ప్లగ్‌లో పెట్టకముందే ఇది చదవండి.

ముందు కళ్ల సంగతి. మామూలు వెలుగు గట్టిగా పడితే రెప్ప దానంతటదే మూసుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌కి అలా జరగదు, ఎందుకంటే అది పడుతున్నట్టే మనకు తెలియదు. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎల్‌ఈడీలో సన్నగా ఎర్రటి మెరుపైనా ఉంటుంది, 940లో అదీ ఉండదు. అందుకే వెలుగుతోందో లేదో చూడాలని ఎల్‌ఈడీని కంటి దగ్గర పెట్టుకుంటారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి. ఫోన్ ముందు కెమెరాకి టీవీ రిమోట్ చూపించి బటన్ నొక్కండి. తెరమీద ఊదారంగు చుక్క మెరిస్తే మీ కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ కనిపిస్తున్నట్టు. ఇక ఎల్‌ఈడీలను ఆ కెమెరాతోనే చూడండి. సీసీ కెమెరాల కోసం అమ్మే పెద్ద ఇన్‌ఫ్రారెడ్ లైట్‌ను మానిటర్ పక్కన పెట్టి, క్యాప్‌కి మెరిసే స్టిక్కర్లు అతికించే పద్ధతి నాకు నచ్చదు. గంటల తరబడి అదంతా ముఖం మీదే పడుతుంది. ఎల్‌ఈడీలు క్యాప్ మీద ఉండి కెమెరావైపు చూడటమే మంచిది.

కరెంట్ విషయంలో కోఠీ గుజరాతీ గల్లీలో ఎల్‌ఈడీలు ఇచ్చినతను నన్ను అడిగిన మొదటి మాటే సరైనది: "రెసిస్టర్ తీస్కున్నవా అన్నా?" రెసిస్టర్ అంటే కరెంట్‌ను అదుపులో ఉంచే చిన్న భాగం. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు. ఒక్కో ఎల్‌ఈడీ సుమారు 1.3 వోల్టులు తీసుకుంటుంది. మూడింటినీ వరసగా కలిపితే దాదాపు 4 పోయి 1 వోల్టు మిగులుతుంది. అక్కడ 47 ఓమ్స్ రెసిస్టర్ పెడితే ప్రవహించేది 20 మిల్లీయాంపియర్ల చుట్టుపక్కలే. కెమెరాకి ఆ వెలుగు సరిపోతుంది. చుక్క ఇంకా పెద్దగా కనిపించాలని రెసిస్టర్ తగ్గించుకుంటూ పోకండి. లిథియం సెల్‌ని తలమీద కట్టుకోవడం అసలే వద్దు. అది షార్ట్ అయితే క్యాప్ తీసే లోపే కాలుతుంది.

సోల్డరింగ్ అయ్యాక నేను తొందరపడి నేరుగా లాప్‌టాప్‌కే పెట్టాను. తీగలోని ఒక్క పోగు, వెంట్రుకంత సన్నది, పక్క తీగకు తగిలి ఉంది. ఆ పోర్టు మళ్లీ పనిచేయలేదు. మీరు ముందు మల్టీమీటర్‌తో షార్ట్ ఉందేమో చూసి, తర్వాత పాత ఫోన్ చార్జర్‌కి పెట్టి పది నిమిషాలు ఉంచండి. రెసిస్టర్ ముట్టుకుంటే చుర్రుమనకూడదు. చౌక కేబుళ్లలో ఎరుపు, నలుపు రంగుల్ని నమ్మకుండా ప్లస్ ఏదో మీటర్‌తోనే తేల్చుకోండి.

సోల్డర్ చేసేటప్పుడు కిటికీ తీసి ఉంచండి. ఆ పొగ మంచిది కాదు. మామూలు టంకం తీగలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తినండి.

కెమెరా విప్పడం అసలైన టెన్షన్. లెన్స్ వెనక గోరంత కూడా లేని గాజు పలక ఒకటి ఉంటుంది, పక్కనుంచి చూస్తే ఎర్రగానో నీలంగానో మెరుస్తుంది. ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపేది అదే, దాన్ని తీసేయాలి. బ్లేడుతో అంచు లేపుతుంటే అది టిక్కుమని విరిగి, ఒక పెంకు నా కళ్లద్దాలకు తగిలి కిందపడింది. కళ్లద్దాలు లేనివాళ్లు ప్లాస్టిక్ సేఫ్టీ గ్లాసెస్ పెట్టుకునే కూర్చోండి, కింద తెల్లకాగితం పరవండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. తీసినచోట పాత ఫ్లాపీ డిస్క్ లోపలి నల్లటి పల్చని ప్లాస్టిక్ ఫిల్మ్ ముక్క పెడితే మామూలు వెలుగు ఆగిపోయి ఎల్‌ఈడీ చుక్కలే మిగులుతాయి. ఫోకస్ మళ్లీ సరిచేసుకోవాలి.

మన హైదరాబాద్ ఎండ ఇంకో చిక్కు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. పడమటి కిటికీ తెరిచి ఉంటే మధ్యాహ్నం వేళ కెమెరాకి మూడు చుక్కల స్థానంలో ముప్పై కనిపించి చూపు గిరగిరా తిరుగుతుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు, హాలోజన్ లైటు కూడా అంతే. మా ఇంట్లో కుర్చీ వెనక దేవుడి గది తలుపు తీసి ఉంటే దీపం నాలుగో చుక్క అయ్యేది. తమ్ముడి కుర్చీని గోడవైపు జరిపాం, దీపాన్ని ఆర్పలేదు.

ఆడేటప్పుడు తల పది డిగ్రీలు తిరిగితే ఆటలో అరవై, డెబ్భై డిగ్రీలు తిరిగేలా ఓపెన్‌ట్రాక్‌లో కర్వ్ పెట్టుకోండి, లేకపోతే మెడ పట్టేస్తుంది. మొదటి రోజు ఇరవై నిమిషాలు చాలు. కళ్లు తిరిగినట్టు అనిపిస్తే అక్కడికే ఆపేయండి. లేచేటప్పుడు క్యాప్ తీగ కుర్చీకి చుట్టుకోకుండా చొక్కా కాలర్‌కి ఒక క్లిప్‌తో పట్టించండి.