పిల్లలకు పానిక్ అటాక్: తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకొస్తోంది?

పొద్దున ఏం తిన్నాడు? రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు? ఈ రెండూ అడగ్గానే ఫోన్లో అవతలి నుంచి చప్పుడు ఉండదు. ఈసీజీ తీయించారు, టూడీ ఎకో తీయించారు, థైరాయిడ్ చూపించారు, నిమ్మకాయలు దిగదుడిచి పడేశారు, టిఫిన్ సంగతి మాత్రం ఎవరికీ తెలీదు. రెసిడెన్షియల్ స్కూల్లో కౌన్సెలర్‌గా ఇన్నేళ్లలో ఎన్ని అటాక్‌లు చూశానో లెక్కపెట్టలేదు గానీ, ఫైలు చంకన పెట్టుకుని వచ్చి ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయిన అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు.

అటాక్ ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. దడ, ఆయాసం, చెమటలు, వణుకు, "అమ్మా, చచ్చిపోతున్నా" అనే భయం. పది నిమిషాల్లోపే బాగా ముదిరి, సాధారణంగా అరగంటలో దానంతటదే దిగిపోతుంది. డాక్టర్ ఒకసారి గుండె, ఊపిరితిత్తులు చూసి పర్వాలేదన్నారు అనుకునే ఇది రాస్తున్నాను. ఇంకా చూపించకపోతే ముందు ఆ పని కానివ్వండి.

దడ, వణుకు వస్తున్నాయి, కారణం ఏమీ కనిపించడం లేదు

ఖాళీ కడుపు, నిద్రలేమి, కెఫీన్. నూటికి నూరుసార్లు ముందు ఇవే చూడండి. హాస్టల్ పిల్లలు టెస్టు ఉన్న రోజు టిఫిన్ మానేస్తారు, ముందు రాత్రి ఒంటిగంట దాకా చదువుతారు, మధ్యలో గేటు బయట కొట్టు నుంచి తెప్పించుకున్న ఎనర్జీ డ్రింక్ తాగుతారు. 250 మిల్లీలీటర్ల డబ్బాలో కెఫీన్ 75-80 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నలభై కిలోల పిల్లాడికి అది తక్కువేం కాదు. గుండె దడదడలాడుతుంది, దాన్ని చూసి పిల్లాడు బెదురుతాడు, ఆ బెదురుకు దడ ఇంకా పెరుగుతుంది.

ఎవరూ చూడనిది ఇంకోటి ఉంది, దగ్గు సిరప్. సీసా మీద టెర్బ్యుటలిన్ అనో సాల్బ్యుటమాల్ అనో ఉంటే చేతులు వణకడం, దడ రావడం ఆ మందు గుణమే. ఆస్తమా ఇన్‌హేలర్‌తో కూడా ఇంతే. అలాగని డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మీరే ఆపేయకండి, ఈ విషయం ఆయనకు చెప్పండి చాలు.

ఊపిరి ఆడటం లేదంటాడు, మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్లు కొంకర్లు పోతాయి

దీన్ని చూసి ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెట్టేవాళ్లు, ఉల్లిపాయ వాసన చూపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పిల్లాడు మీ మాట వింటూ, మీకు జవాబు చెబుతూ ఉంటే అది మామూలుగా ఫిట్స్ కాదు. అవసరానికి మించి గబగబా ఊపిరి తీస్తున్నాడు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతోంది, తిమ్మిర్లూ కొంకర్లూ కళ్లు తిరగడం దానివల్లే. వేలికి ఆక్సీమీటర్ పెడితే 98, 99 చూపిస్తుంది. అంటే గాలి చాలక కాదు, ఎక్కువై వచ్చిన బాధ. (అంకె 94 కిందకి పోయినా, పిల్లికూతలు వినిపించినా, మాట్లాడలేక డొక్కలు ఎగరేస్తున్నా అది ఆస్తమా కావచ్చు, ఆసుపత్రికి పరుగెత్తండి.)

ఇక్కడ అందరూ చేసే పొరపాటు "గట్టిగా ఊపిరి పీల్చుకో నాన్నా" అనడం. ఇప్పటికే ఎక్కువైన గాలిని ఇంకా పీల్చమంటున్నారన్నమాట! పీల్చడం సంగతి వదిలేయండి, బయటికి వదలడం నిదానం చేయించండి. వేడి పాలు ఊదినట్టు పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా, మూడు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. మీరూ పక్కనే కూర్చుని చేయండి. కాగితపు సంచి మూతికి పెట్టడం వద్దు, అది నిజంగా ఆస్తమా అయితే ప్రాణం మీదికొస్తుంది. చుట్టూ మూగిన ఎనిమిది మందినీ బయటికి పంపండి. "ఏం కాలేదు ఊరుకో" అనకండి, వాడికి అవుతోంది కదా. "ఇది పానిక్. భయం వేస్తుంది, ప్రమాదం లేదు. కాసేపట్లో దిగిపోతుంది, నేను ఇక్కడే కూర్చుంటా" అనండి, ఆ తర్వాత మాటలు తగ్గించండి.

అటాక్ ప్రతిసారీ తగ్గుతోంది, కానీ రోజులు గడిచేకొద్దీ ఎక్కువసార్లు వస్తోంది

నేను చేయి కాల్చుకున్నది ఇక్కడే.

తొమ్మిదో తరగతి అబ్బాయి. సాయంత్రం స్టడీ అవర్‌లో మొదటి అటాక్. నేనే గేట్ పాస్ రాసి వాళ్ల నాన్నకి ఫోన్ చేశాను, ఆయన నలభై కిలోమీటర్లు బండి మీద వచ్చారు. గేటు దాటేసరికి పిల్లాడు మామూలైపోయాడు, దారిలో బిర్యానీ కూడా తిన్నాడట. అందరం హమ్మయ్య అనుకున్నాం. వారం తర్వాత వీకెండ్ టెస్టులో మళ్లీ వచ్చింది, మళ్లీ గేట్ పాస్. తర్వాత మెస్‌లో. చదువు ఒత్తిడేమో అని సెక్షన్ మార్పించాను, తలుపు దగ్గర సీటు ఇప్పించాను, ఎక్కడికెళ్లినా వెంట ఒక స్నేహితుణ్ని పెట్టాను. నేను ఒక్కో సాయం చేసేకొద్దీ వాడు వెళ్లలేని చోట్లు పెరిగాయి. రెండు నెలలు తిరిగేసరికి బాత్రూమ్ తలుపు కూడా గడియ వేసుకోలేని స్థితికి వచ్చాడు.

నాకు అర్థం కావడానికి చాలా టైమ్ పట్టిన సంగతేమిటంటే, ఆ అటాక్ ఎలాగూ ఇరవై నిమిషాల్లో దిగేదే, నాన్న వచ్చినా రాకపోయినా. కానీ దిగే సమయానికి నాన్న వచ్చాడు కాబట్టి "నాన్న వచ్చాడు గనక బతికాను" అని వాడి మనసులో పడిపోయింది. మరి ఈసారి నాన్న రాకపోతే? ఆ ప్రశ్నే తర్వాతి అటాక్. అటాక్ పెట్టిన భయం కన్నా, అటాక్ వస్తుందేమోనన్న భయమే వాడిని ఎక్కువ తినేసింది. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు 1986లోనే ఈ లోపలి చక్రాన్ని వివరించాడు: ఒంట్లో చిన్న మార్పు, దాన్ని ప్రాణగండంగా అనుకోవడం, ఆ భయంతో మార్పు పెద్దదవడం. నేను చదువుకునే రోజుల్లో పరీక్షలో ఇది రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను, గేట్ పాస్ మీద సంతకం పెట్టేటప్పుడు మాత్రం గుర్తుకురాలేదు.

మీ ఇంట్లో ఇది గేట్ పాస్ రూపంలో ఉండకపోవచ్చు. రోజుకి పదిహేనుసార్లు ఆక్సీమీటర్ పెట్టడం కావచ్చు. చేతిలోంచి వదలని నీళ్ల సీసా, ఆస్తమా లేకపోయినా జేబులో ఇన్‌హేలర్, పెళ్లికెళ్తే చివరి వరసలో కూర్చోవడం, గంటకోసారి అమ్మ "ఇప్పుడెలా ఉంది కన్నా, మళ్లీ వచ్చేట్టుందా?" అని అడగడం. అలా అడిగినప్పుడల్లా పిల్లాడు తన గుండె చప్పుడు వెతుక్కుంటాడు. వెతికితే దొరక్కుండా ఎలా ఉంటుంది?

దీన్ని విప్పడం ఒక్క రోజులో కుదరదు, అన్నీ ఒకేసారి లాగేయకూడదు కూడా. ప్రశాంతంగా ఉన్న రోజు చూసి పిల్లాడితో ముందే మాట్లాడండి, అటాక్ మధ్యలో కాదు. ఆ అబ్బాయితో మేం పెట్టుకున్న ఒప్పందం ఇది: అటాక్ వస్తే ఇంటికి కాదు, సిక్ రూమ్‌కి. పదిహేను నిమిషాలు, తర్వాత అదే క్లాసుకి, చివరి ఐదు నిమిషాలే మిగిలినా సరే. నాన్నకి ఫోన్ తగ్గిన తర్వాతే. ఆక్సీమీటర్ బీరువాలో. అమ్మ రోజుకి ఒక్కసారి, సాయంత్రం మాత్రమే అడగాలి, అదీ "ఇవాళ ఏం ఆడావు" అని.

మొదటి వారం ఘోరంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. ఏడుస్తాడు, కసురుకుంటాడు, అటాక్‌లు పెద్దవవుతాయి. సరిగ్గా ఈ సమయంలోనే ఊరి నుంచి అమ్మమ్మ దిగి "పసివాణ్ని ఏం చేస్తున్నారే" అని ఒళ్లో వేసుకుని ఇంటికి తీసుకుపోతుంది, అప్పటిదాకా పడ్డ కష్టం మట్టిపాలు. అమ్మమ్మతో కూడా ముందే మాట్లాడుకోండి. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో, ఆందోళన సమస్యలున్న పిల్లల జోలికి పోకుండా తల్లిదండ్రులకు మాత్రమే ఈ పద్ధతి నేర్పితే, పిల్లలకు నేరుగా థెరపీ ఇచ్చినంత ఫలితం వచ్చింది. మారాల్సింది ఎక్కువ భాగం మనమే.

అలాగని "నాటకాలాడకు" అని కసరడం మందు కాదు. వాడి భయం నిజం, ప్రమాదం మాత్రమే అబద్ధం. ఆ అబ్బాయి కుదుటపడ్డాక మేం కావాలనే దడ తెప్పించాం: మెట్లు పరుగెత్తి ఎక్కడం, గిరగిరా తిరగడం, స్ట్రాతో ఊపిరి తీయడం. గుండె కొట్టుకున్నంత మాత్రాన ఏమీ కాదని ఒంటికి తెలియాలి కదా. ఇది మాత్రం కౌన్సెలర్ పక్కన ఉండి చేయించాలి. ఆస్తమా, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లకి వద్దు.

ఆదివారం రాత్రో సోమవారం పొద్దుటో మాత్రమే వస్తోంది

పైన చెప్పిన ఒప్పందం మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోండి. బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరైనా కొడుతున్నారా, తాకకూడని చోట తాకుతున్నారా, బాత్రూమ్‌కి పంపడం లేదా. నిజంగా భయపడాల్సింది ఏదైనా ఉంటే పిల్లాణ్ని అక్కడికే నెట్టడం పాపం. పదేళ్ల లోపు పిల్లలకి అసలు పానిక్ అరుదు. కడుపునొప్పి, ఏడుపు, అమ్మని వదలకపోవడం ఉంటే ముందు ఇటే చూడండి.

అరుదైనవి

స్విచ్ వేసినట్టు ఉన్నట్టుండి దడ మొదలై, స్విచ్ ఆపినట్టు ఆగిపోతుంటే, నాడి 180 దాటుతుంటే, పరుగెడుతూ స్పృహ తప్పితే గుండె డాక్టర్. పిలిస్తే పలకకుండా చూస్తూ ఉండిపోయి, తర్వాత ఏమీ గుర్తులేదంటే నరాల డాక్టర్. అడ్రినల్ గ్రంథిలో గడ్డ గురించి యూట్యూబ్‌లో చూసి నాకు పంపేవాళ్లు ఆ వీడియోలు ఆపేయొచ్చు, అలాంటి కేసు నేను ఒక్కటి కూడా చూడలేదు.

మందుల షాపులో అడిగి ఆల్ప్రజోలమ్ (ఆందోళన తగ్గించే మాత్ర) అరముక్క ఇవ్వడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. అది పనిచేసే లోపు అటాక్ దానంతటదే దిగుతుంది, తగ్గించిన పేరు ఆ మాత్రకి వస్తుంది, మళ్లీ అదే ఉచ్చు, పైగా అలవాటు. మందు అవసరమైతే సైకియాట్రిస్టు రాస్తారు, అవి రోజూ వేసుకునేవి, పనిచేయడానికి వారాలు పడుతుంది.

రెండు నెలలు గట్టిగా ప్రయత్నించినా బడికి వెళ్లలేకపోతుంటే ఆగకండి. ఎవర్ని కలవాలో తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. "బతకాలని లేదు" అనే మాట పిల్లాడి నోట వినబడిందా, ఈ ఒప్పందాలన్నీ పక్కన పెట్టి, వాణ్ని ఒంటరిగా వదలకుండా, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.