ఎముక స్కాఫోల్డ్‌లో రక్తనాళాలు పెంచుతున్నారా? నడుమ కోసి చూడండి

అమెరికాలో 2021లో, మళ్లీ 2023లో, దాతల ఎముక నుంచి తయారైన సజీవ కణాల గ్రాఫ్ట్ (ఒంట్లో అతికే ముక్క) వల్ల రోగులకు క్షయ సోకింది. ఆ వార్తలు చదివినవాళ్లకు స్టెరిలిటీ (సూక్ష్మజీవులు చేరని శుభ్రత) గురించి వేరే చెప్పక్కర్లేదు. ఇది స్కాఫోల్డ్‌లో, అంటే కణాలు పెరగడానికి ఆసరా ఇచ్చే రంధ్రాల చట్రంలో, కల్చర్ (ల్యాబ్‌లో పెంచే కణాలు) శుభ్రంగా ఉన్నా జరిగే నష్టం గురించి.

నడుమ

అంచు చూసి ముక్కంతా బతికే ఉందనుకోవడం: నెలల పని బూడిదయ్యేది ఇక్కడే. కణాలు నిండిన చోట ఆక్సిజన్ 100–200 మైక్రాన్లకు మించి చాలినంతగా అందదు. 5 మిల్లీమీటర్ల ఘనంలో నడిబొడ్డు ఎటునుంచి చూసినా 2.5 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. బతికిన కణాలను పచ్చగా, చచ్చినవాటిని ఎర్రగా చూపే లైవ్/డెడ్ రంగు వేస్తే పైపొర పచ్చగా మెరుస్తుంది. రంగు అంత లోపలికి దిగదు, కన్‌ఫోకల్ మైక్రోస్కోపుకు అంత లోతు కనబడదు. ముక్క మొత్తాన్ని కలిపి కొలిచే పరీక్షల్లోనేమో అంచు కణాల అంకె నడిమి చావును కప్పేస్తుంది. ప్రతి బ్యాచ్‌లోనూ ఒక ముక్కను వదులుకోండి. బ్లేడుతో సగానికి కోసి, కోసిన ముఖానికే రంగు వేయండి.

కణాలు, మీడియం

హ్యూవెక్ కణాలను (బొడ్డుతాడు సిర లోపలి పొర కణాలు) ఆరో పాసేజీ (కొత్త పాత్రలోకి మార్చి పెంచే విడత) దాటనివ్వకండి. ఒంటరిగా వేయకండి; ఎముక మజ్జలోని ఆసరా కణాలు (స్ట్రోమల్ కణాలు) చుట్టూ చేరితేనే గొట్టాలు నిలుస్తాయి. రెండు రకాలనూ 1:1 పాళ్లలో మొదలుపెట్టండి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉన్న ఎముక మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) మొదటి రోజే పోయకండి, అది నాళాల అల్లికను అణచగలదు. ముందు నాళాల మీడియం. అల్లిక కనబడ్డాకే మార్పు. కనబడడమంటే కోసిన ముఖం మీద, అంచున కాదు.

ఇక మిగతావి:

- రంధ్రాలు 300 మైక్రాన్ల పైన ఉండాలి, ఒకదానిలోకి ఒకటి తెరుచుకోవాలి.
- వీఈజీఎఫ్ (నాళాలను పెంచే ప్రోటీన్) ఎక్కువైతే నాళాలు ఉబ్బి కారుతాయి, ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్టులూ చేరతాయి. ఊరికే పోయకండి, ఫైబ్రిన్‌కు (రక్తం గడ్డకట్టించే ప్రోటీన్) బంధించి ఇవ్వండి.
- నాళాల లోపలి కణాల గుర్తయిన సీడీ31 రంగు పట్టిందంటే నాళం ఏర్పడిందని కాదు. లోపల బోలు ఉందా?
- పలచగా కోసేముందు ముక్కలోంచి కాల్షియం తీయడానికి ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టి లాగే రసాయనం) వాడండి. గాఢ ఆమ్లం వద్దు, సీడీ31 రంగు పట్టదు.
- ఎలుకలో రక్తం పారుతోందని రాయాలంటే, ముక్క తీసేముందు తోక సిరలోకి ఫ్లోరసెంట్ లెక్టిన్ (నాళాల గోడకు అంటుకుని మెరిసే ప్రోటీన్) ఎక్కించండి. మానవ నాళాలకు మానవ కణాలను పట్టే లెక్టినే వాడండి.
- ఎముకలో పెద్ద ఖాళీ పూడ్చడానికి ల్యాబ్ అల్లికొక్కటే చాలదు. ఒంటి నాళాలు వచ్చి కలవడానికి రోజులు పడుతుంది, ఆలోగా నడుమ చస్తుంది. 2004లో జర్మనీలోని కీల్ వైద్యులు ప్రచురించిన కేసులో దవడ గ్రాఫ్ట్‌ను రోగి వీపు కండరంలో 7 వారాలు పెంచి, రక్తనాళాలతో సహా తెచ్చి అతికారు.
- ముక్కను జంతువు నుంచి తీసిన రోజున కూడా ముందు నడుమే కోయండి. అంచు ఫొటోలు తర్వాత.