దుకాణంలో సాఫ్ట్‌వేర్ పెట్టాక లెక్క కుదరకపోతే: సమస్యలు, పరిష్కారాలు

హోల్‌సేల్ కిరాణా దుకాణాల్లో బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ పెట్టిన మూడు నాలుగు నెలలకు ఫిర్యాదులు మొదలవుతాయి. వాటిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల వచ్చేవి తక్కువ. సరుకు ఎవరి చేతి మీదుగా లోపలికి వస్తుందో, ఎవరి చేతి మీదుగా బయటికి పోతుందో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. కాబట్టి మరో సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఈ కింది విషయాలను పరిశీలించడం మంచిది.

సమస్య: తెర మీద స్టాక్ ఒకటి, గోడౌన్‌లో సరుకు మరొకటి

కొన్ని వస్తువులకు మైనస్ స్టాక్ కనబడుతుంటే, కొనుగోలు నమోదు కాకముందే అమ్మకం బిల్లు పడుతోందన్నమాట. లారీ ఉదయం దిగుతుంది, మధ్యాహ్నానికి సగం సరుకు అమ్ముడవుతుంది, కొనుగోలు బిల్లును మాత్రం గుమాస్తా రాత్రికో మర్నాటికో ఎక్కిస్తాడు. దిగిన సరుకును లెక్కపెట్టి, ఇన్‌వాయిస్‌తో సరిచూసి, నమోదు చేశాకే అమ్మకానికి వదలాలనే నియమం పెట్టుకుంటే ఈ తేడా చాలావరకు పోతుంది.

మైనస్ లేకుండానే తేడా వస్తుంటే కొలతలను చూడాలి. సబ్బులను కేసుల్లో కొని పీసుల్లో అమ్ముతారు. కంపెనీ ప్యాకింగ్ మార్చి కేసులో పీసుల సంఖ్య తగ్గించినా, సాఫ్ట్‌వేర్‌లో పాత సంఖ్యే ఉండిపోతుంది. పదికి ఒకటి ఉచితంగా వచ్చే స్కీమ్ సరుకును నమోదు చేయకుండా అమ్మడం మరో కారణం. దాన్ని సున్నా ధరకైనా ఎక్కించాలి. అన్నిటికంటే తరచుగా కనిపించేది, ఒకే కందిపప్పును ఇద్దరు గుమాస్తాలు రెండు పేర్లతో సృష్టించడం. అప్పుడు ఒక పేరు కింద సరుకు మిగులుతుంది, మరో పేరు కింద తరుగు పడుతుంది. కొత్త వస్తువును చేర్చే అధికారం ఒక్కరికే ఇవ్వాలి. ప్రారంభ స్టాక్‌ను పాత పుస్తకం నుంచి దించుకోకుండా గోడౌన్‌లో లెక్కపెట్టి ఎక్కించాలి. ఆ తరువాత రోజుకు ఇరవై వస్తువుల చొప్పున వంతులవారీగా సరిచూసుకోవాలి.

సమస్య: బిల్లు కంప్యూటర్‌లో, అసలు లెక్క నోటుపుస్తకంలో

దీన్ని సిబ్బంది మొండితనంగా భావించడం అన్యాయం. రాత్రి దుకాణం కట్టేసేటప్పుడు యజమాని నోటుపుస్తకం తెరిచి ఆ రోజు అమ్మకం చూసుకుంటే, గుమాస్తాలు కూడా దాన్నే నమ్ముతారు. రోజు అమ్మకం, రావలసిన బాకీలు అనే రెండు నివేదికలను యజమాని స్వయంగా తెర మీద చూడడం అలవాటు చేసుకోవాలి. నా దృష్టిలో ఇంతకు మించిన శిక్షణ లేదు.

రెండో కారణం పేర్లు. చిట్టా (రోజువారీ లెక్కల పుస్తకం), ఆవర్జా (ఖాతాల పుస్తకం) రాసిన పెద్ద గుమాస్తాకు ఒక ఖాతాదారు ‘రైల్వే గేటు కొట్టు’గానే తెలుసు, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది మాత్రం జీఎస్టీ రిజిస్ట్రేషన్ పేరు. వాడుక పేరును కూడా ఖాతాలో చేర్చాలి. ఆ పని ఆయనను పక్కన కూర్చోబెట్టుకొనే చేయాలి, ఎందుకంటే ఎవరికి ఎంత అప్పు ఇవ్వవచ్చో, ఎవరు ఏ నెలలో తీరుస్తారో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. రెండు మూడు వారాలు పుస్తకం, కంప్యూటర్ రెండూ నడిపి, తేడాలు సరిచేసి, ముందే చెప్పిన తేదీన పుస్తకం ఆపేయాలి.

సమస్య: పండుగ రద్దీలో బిల్లింగ్ స్తంభించడం

కారణం దాదాపు ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన ముహూర్తమే. అమెరికా చాక్లెట్ సంస్థ హెర్షీ 1999 జూలైలో, హాలోవీన్ పండుగ ఆర్డర్లు వచ్చే కాలంలో, కొత్త కంప్యూటర్ వ్యవస్థలను ఒకేసారి అమలులోకి తెచ్చి, గోడౌన్లలో సరుకు ఉన్నా ఆర్డర్లను సమయానికి పంపలేకపోయింది. సంక్రాంతికో దసరాకో ముందు కాకుండా, అమ్మకాలు మందగించే నెలలో, ఒక కౌంటర్‌తో మొదలుపెట్టాలి.

సమస్య: తప్పు ఎక్కడ జరిగిందో తెలియకపోవడం

అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఇదే జరుగుతుంది. ప్రతి ఒక్కరికీ వేరే లాగిన్ ఇవ్వాలి, బిల్లు రద్దు చేసే హక్కును ఒకరిద్దరికే పరిమితం చేయాలి. వార్షిక టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటి, ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాల్సిన బిల్లు) వర్తించే దుకాణాలకు ఇది మరీ ముఖ్యం. ఆ ఇన్‌వాయిస్‌ను పోర్టల్‌లో 24 గంటల లోపే రద్దు చేయగలం, ఆ తరువాత సాధారణంగా క్రెడిట్ నోట్ (బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే పత్రం) ద్వారా సరిచేయాలి. కనుక ఆ రోజు బిల్లులను ఆ సాయంత్రమే ఒకరు సరిచూసి, బ్యాకప్‌ను వేరే డ్రైవ్‌లోకి తీసుకున్నాకే కంప్యూటర్ ఆపాలి.