తక్కువ బడ్జెట్‌లో కుటుంబానికి మంచి క్యాంపింగ్ టెంట్ ఎంచుకోవడం ఎలా?

టెంట్ కొనేటప్పుడు ముందుగా కంటికి ఆనేవి గదులు, కిటికీలు, రంగులు, లైటు తగిలించుకునే కొక్కేలు. అర్ధరాత్రి గాలివాన మొదలయ్యాక వాటిలో ఒక్కటీ ఆదుకోదు. అప్పుడు పనికొచ్చేవి నాలుగే: పైన కప్పే గుడ్డ, కింద ఉండే అడుగు, కుట్లు, మొత్తాన్ని నిలబెట్టే కడ్డీలు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు ఉన్నదంతా ఈ నాలుగింటి మీదే పెట్టాలి. మిగతా హంగుల్ని మొహమాటం లేకుండా వదిలేయాలి.

1. ముందు మీ అవసరం తేల్చుకోండి

టెంట్ వేసే చోటు దాకా కారు వెళ్తుందా, లేక కొంత దూరం మోసుకెళ్లాలా? కారు వెళ్లేటట్టయితే టెంట్ పది పన్నెండు కిలోలున్నా ఫరవాలేదు. బరువు తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది కాబట్టి మీకు అక్కడే పెద్ద ఆదా. మంచు కురిసే చోట్లకు వెళ్లని కుటుంబానికి త్రీ సీజన్ రకం చాలు. మంచుకు కూడా తట్టుకునేలా చేసిన ఫోర్ సీజన్ రకానికి ఎక్కువ పెడితే ఎండాకాలంలో లోపల ఉక్కపోత భరించాలి. ఏడాదికి నిజంగా ఎన్ని రాత్రులు బయట పడుకుంటారో కూడా రాసుకోండి. రెండు మూడు రాత్రులకైతే పెద్ద టెంట్ అవసరమే లేకపోవచ్చు.

2. పెట్టె మీది అంకెను నమ్మకండి

'నలుగురి టెంట్' అంటే నలుగురు సన్నటి పరుపుల మీద భుజానికి భుజం ఆనించి పడుకుంటే సరిపోయేది అని అర్థం. ఒక్కో మనిషికి సుమారు 50 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున వేసే లెక్క అది. బ్యాగులు, చెప్పులు, నిద్రలో గుండ్రంగా తిరిగే పిల్లలు ఆ లెక్కలో లేరు. అందుకే ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యకు రెండు కలుపుకోండి. నలుగురుంటే ఆరుగురి టెంట్ చూడాలి.

అంతకంటే నమ్మకమైన దారి టెంట్ అడుగుభాగం కొలతలు చదవడం. చాలా నలుగురి టెంట్ల అడుగు 210 × 240 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. గాలి నింపే డబుల్ పరుపు ఒక్కోటి 135 సెంటీమీటర్లు దాటుతుంది. రెండు పక్కపక్కన వేస్తే 270, ఇక పట్టవు. కొనేముందు ఇంట్లోనే నేల మీద తాడుతో ఆ కొలత గీసి, అందరూ అందులో పడుకుని చూడండి. పిల్లలకు ఇదో ఆట, మీకు మాత్రం అసలు సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఎత్తు కూడా అంతే. 180 సెంటీమీటర్లు అని రాస్తే అది నడిమధ్య కొలత. గోపురం ఆకారంలో ఉండే టెంట్‌లో మధ్య నుంచి రెండడుగులు పక్కకు జరిగితే తల వంచాల్సిందే. నిలబడి బట్టలు మార్చుకోవడం సుఖమే కానీ, ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ కూడా పెరుగుతుంది.

పిల్లలు కాస్త పెద్దవాళ్లయితే నేను ఒక పెద్ద టెంట్ కంటే రెండు చిన్న టెంట్లకే ఓటు వేస్తాను. చాలాసార్లు రెండూ కలిపినా ధర తక్కువే పడుతుంది. పెద్ద టెంట్‌కు సరిపడా చదును నేల దొరకడం కష్టం, చిన్నవాటికి సులువు. ఒకటి చిరిగినా రెండోది ఉంటుంది.

3. ఆకారం

గోపురం టెంట్‌కు కడ్డీలు ఒకదాన్నొకటి దాటుతూ వంగి తమంతట తామే నిలబడతాయి, మేకులు దిగని నేల మీద కూడా వేయొచ్చు. తక్కువ ధరలో ఎక్కువ రకాలు దొరికేదీ ఇదే. సొరంగం ఆకారం వాటిలో అదే విస్తీర్ణానికి లోపల చోటు ఎక్కువ, కానీ రెండు చివర్లా మేకులు గట్టిగా దిగితేనే నిలబడతాయి. గోడలు నిటారుగా ఉండే క్యాబిన్ రకం ఇల్లులా ఉంటుంది, గాలికి మాత్రం తట్టుకోదు. విసిరితే విచ్చుకునే పాప్-అప్ రకాలు ఒక మధ్యాహ్నం నీడకు బాగుంటాయి. రాత్రి వానలో కుటుంబమంతా పడుకోవడానికి వాటిని కొనొద్దని నా సలహా. పైగా మళ్లీ మడత పెట్టడం ఒక విద్య.

4. నీళ్లు లోపలికి రాకుండా

ఇక్కడ తొందరపడకండి. తక్కువ ధర టెంట్లలో మంచీ చెడూ తేలేది ఇక్కడే.

'వాటర్ రెసిస్టెంట్' అన్న మాటకు అర్థం లేదు. పక్కన అంకె ఉంటేనే పట్టించుకోండి. గుడ్డ మీద నీటి స్తంభాన్ని నిలబెట్టి, ఎంత ఎత్తుకు చేరాక నీరు కారడం మొదలవుతుందో కొలుస్తారు. దాన్నే హైడ్రోస్టాటిక్ హెడ్ అంటారు, మిల్లీమీటర్లలో రాస్తారు. పై కప్పుకు 1500 అంటే వానను ఆపే కనీస స్థాయి. కుటుంబానికి 2000 నుంచి 3000 మధ్య ఉన్నది హాయిగా సరిపోతుంది. అంతకు మించిన అంకెలకు అదనంగా డబ్బు పెట్టడం దండగ. అడుగు సంగతి వేరు. తడి నేల మీద మోకాలు ఆనించినా, మోచేయి మోపినా ఆ చిన్న చోట ఒత్తిడి బాగా పెరుగుతుంది. అందుకని అడుగుకు 3000, వీలైతే 5000 చూడండి. ధర బాగా తక్కువ ఉన్న వాటిలో టార్పాలిన్ పట్టా లాంటి పాలిథిలిన్ అడుగు వేస్తారు. చూడ్డానికి నాసిగా ఉన్నా నీటిని బాగానే ఆపుతుంది, కాకపోతే మడతల దగ్గర పగులుతుంది.

అడుగు గుడ్డ అంచుల్లో పది పదిహేను సెంటీమీటర్లు పైకి లేచి, ఆ తర్వాతే గోడతో కుట్టి ఉండాలి. కుట్టు నేలను ఆనుకుని ఉంటే వాన నీరు మొదట దారి వెతుక్కునేది అక్కడే.

కుట్లను లోపలి వైపు నుంచి చూడండి. సూది చేసిన రంధ్రాల మీద మెరిసే సన్నటి పట్టీ అతికించి ఉంటే సీమ్ టేపింగ్ చేసినట్టు. ఎక్కడైనా లేచిపోయి ఉందేమో గోటితో గీకి చూడండి. పట్టీ లేకపోతే సీమ్ సీలర్ అనే జిగురు కొని మీరే పూసుకోవచ్చు. ఒక పూట పని, టెంట్ ఆయుష్షు పెరుగుతుంది. బడ్జెట్ టెంట్లకు ఎక్కువగా పాలీయురేథేన్ పూత ఉంటుంది కాబట్టి సీలర్ కూడా ఆ రకానిదే తీసుకోండి. సిలికాన్ రకం దాని మీద సరిగా పట్టదు.

ఇక రెయిన్ ఫ్లై, అంటే టెంట్ మీద విడిగా కప్పే వాన గుడ్డ. చవక టెంట్లు చాలావాటికి పైన టోపీ పెట్టినట్టు చిన్న ముక్క మాత్రమే ఉంటుంది. నిటారుగా పడే వానకు అది చాలు, గాలితో అడ్డంగా కొట్టే వానకు చాలదు. అన్ని వైపులా నేలకు బెత్తెడు ఎత్తు దాకా దిగే ఫ్లై ఉన్నదాన్నే ఎంచుకోండి. ఒక్క షరతు మీదే పట్టుపట్టాలంటే నేను దీని మీదే పడతాను.

గుడ్డ విషయంలో పెద్దగా తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పాలిస్టర్ తడిసినా సాగదు, ఎండకు నైలాన్ కంటే బాగా ఓర్చుకుంటుంది, ధర కూడా తక్కువ.

5. ఆవిరి, గాలి, దోమలు

పొద్దున లేచేసరికి గోడలు తడిసి ఉంటే చాలామంది టెంట్ కారిందనుకుంటారు. అది ఎక్కువసార్లు మన ఊపిరే. నలుగురు రాత్రంతా వదిలిన ఆవిరి చల్లటి గుడ్డకు తగిలి నీరవుతుంది. లోపల గాలి ఆడే గుడ్డ, మధ్యలో ఖాళీ, బయట ఫ్లై, ఇలా రెండు పొరలుంటే ఆ నీరు బయటి పొర మీదే ఉండిపోతుంది, పక్కలు తడవవు. పైన ఒకటి, కిందుగా ఒకటి గాలి దారులున్నాయా చూడండి. పైది ఒక్కటే ఉంటే గాలి తిరగదు. వాన పడుతున్నా తెరిచి ఉంచగలిగేలా ఆ కంతకు చూరు ఉండాలి.

దోమతెరను వెలుతురుకు పట్టి చూసి, చేత్తో మెల్లగా లాగండి. జిప్పును ఒంటి చేత్తో పది సార్లు తెరిచి మూయండి. ప్రతిసారీ గుడ్డలో ఇరుక్కుంటే ఆ టెంట్ వద్దు. చీకట్లో, నిద్రమత్తులో ఉన్న పిల్లవాడు లాగాల్సిన జిప్పు అది.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. గాలి దారులు ఎన్ని ఉన్నా టెంట్ లోపల స్టవ్ వెలిగించకూడదు, ఆరిందనుకున్న బొగ్గుల కుంపటిని వెచ్చదనం కోసం లోపల పెట్టుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

6. కడ్డీలు, మేకులు, తాళ్లు

బడ్జెట్‌లో దొరికేవి ఫైబర్‌గ్లాస్ కడ్డీలు. అల్యూమినియం తేలిక, గట్టి, ఖరీదు. కారులో వెళ్లేవాళ్లకు ఫైబర్‌గ్లాస్ సరిపోతుంది కానీ మందం చూడాలి. ఆరుగురి టెంట్‌కు 9.5 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 11 ఉంటే ఇంకా మంచిది. ఈ కడ్డీ విరిగితే నిలువునా చీలి, సన్నటి ముళ్లలా చేతిలో గుచ్చుకుంటుంది. విరిగినచోట తొడిగే లోహపు గొట్టం ఒకటి, గట్టి టేపు ఒకటి సంచిలో పడేసుకోండి.

టెంట్‌తో వచ్చే మేకులు చాలాసార్లు వంచిన తీగ ముక్కలే. గట్టి నేలలో వంగుతాయి, మెత్తటి నేలలో ఊడొస్తాయి. ఇంగ్లిష్ వి అక్షరం ఆకారంలో ఉండే మేకులు విడిగా కొనడానికి కొంచెం డబ్బు పక్కన పెట్టండి. పక్కకు లాగి కట్టే తాళ్ల కోసం గోడ మధ్యలో ఉంగరాలున్నాయో లేదో చూడండి. ఇవి లేని టెంట్ గట్టి గాలికి కడ్డీల మీదే పూర్తిగా ఆధారపడుతుంది.

7. ఎక్కడ తగ్గించుకోవచ్చు

లోపలి గది తెరలు, ముందు భాగంలో విశాలమైన వరండా, ఒక్క నిమిషంలో లేచే యంత్రాంగం: ధర పెంచేవి ఇవే. వరండా కావాలంటే ఒక టార్పాలిన్, రెండు కర్రలు, నాలుగు తాళ్లు తీసుకోండి. చాలా తక్కువలో అయిపోతుంది, ఎండకు టెంట్ మీద కూడా కట్టుకోవచ్చు. టెంట్ కింద పరిచే పట్టా కంపెనీదే కానక్కర్లేదు. మామూలు పట్టాను అడుగు కంటే కొంచెం చిన్నగా కత్తిరించండి. అంచు బయటికి వస్తే వాన నీటిని పట్టి మీ పక్కల కిందికే పంపుతుంది.

క్యాంపింగ్ సీజన్ ముగిశాక కొంటే ధర దిగుతుంది. వాడిన టెంట్ కూడా మంచి బేరమే, కానీ పరచి చూడకుండా తీసుకోవద్దు. గుడ్డ చేతికి జిగటగా తగిలినా, పూత పొలుసుల్లా రాలినా, ముక్కవాసన గుప్పుమన్నా వదిలేయండి. పాడైన పూతను బాగుచేయడం ఇంట్లో తేలిగ్గా అయ్యే పని కాదు. చిన్న చిరుగు, పోయిన మేకులు, కడ్డీల లోపల సాగిపోయిన ఎలాస్టిక్ మాత్రం భయపడాల్సినవి కావు, వాటిని చూపించి ధర తగ్గించమనొచ్చు.

8. ప్రయాణానికి ముందే ఒకసారి వేసి చూడండి

కొన్నవెంటనే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆలోపే పొడి నేల మీద వేయండి. కడ్డీలన్నీ ఉన్నాయా, కుట్లు వంకర పోయాయా, జిప్పులు సాఫీగా నడుస్తున్నాయా చూడండి. కడ్డీని తొడుగులోకి ఎప్పుడూ తోయాలి, లాగకూడదు. లాగితే కీళ్లు విడిపోతాయి. లోపల నిలబడి నాలుగు వైపులా వెలుతురు చూస్తే చిల్లులు కనిపిస్తాయి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే నీళ్ల పరీక్ష. తడిపిన టెంట్‌ను వెనక్కి తీసుకోమంటే అమ్మినవాళ్లు ఒప్పుకోకపోవచ్చు, ముందే అడగండి. పైపుతో పైనుంచి వానలా ఒక పావుగంట చల్లి, లోపల మూలలు, కుట్లు చేత్తో తడిమి చూడండి. చెమ్మ తగిలినచోట గుర్తు పెట్టి, ఆరాక సీలర్ పూయండి. తర్వాత పూర్తిగా ఎండబెట్టి మాత్రమే సంచిలో పెట్టండి. తడిగా మడిచిన టెంట్‌కు కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది.